జిల్లా మారితే ఎన్ని రికార్డులు మారాలి?

ఒక రికార్డును మార్చితే దాని కింద ఉన్న వేల రికార్డులు కూడా మారాల్సి వచ్చినప్పుడు కంప్యూటర్లు ఏం చేస్తాయి? ఎక్కడ పొరబడతాయి?

2021 ఆగస్టులో తెలంగాణలో రెండు జిల్లాల పేర్లు మారాయి. వరంగల్ అర్బన్ జిల్లా హనుమకొండ అయింది. వరంగల్ రూరల్ జిల్లా వరంగల్ అయింది. దాంతోపాటు కొన్ని మండలాలు ఒక జిల్లా నుంచి మరో జిల్లాకు మారాయి. ఉదాహరణకు వరంగల్, ఖిలా వరంగల్ మండలాలు అర్బన్ జిల్లా నుంచి కొత్త వరంగల్ జిల్లాలోకి వచ్చాయి. అంతకుముందు 2016 అక్టోబరులో రాష్ట్రంలోని 10 జిల్లాలు 31 అయ్యాయి. 2019లో ఆ సంఖ్య 33కు చేరింది. 2022 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్‌లోని 13 జిల్లాలు 26 అయ్యాయి.

ఆఫీసు బోర్డు మీద పేరు మార్చడం ఒక పూట పని. కంప్యూటర్లో దాచిన సమాచారం సంగతి అలా ఉండదు. జిల్లా కింద రెవెన్యూ డివిజన్లు, వాటి కింద మండలాలు, మండలాల కింద గ్రామాలు, గ్రామాల్లో కుటుంబాలు ఉంటాయి. ఒక్కో కుటుంబానికి రేషన్ కార్డు, పింఛను, పాసుపుస్తకం వంటి రికార్డులు ఉంటాయి. పైన ఒక గీత జరిగితే కింద వీటన్నింటికీ ఆ కబురు అందాలి.

అందకపోతే ఏమవుతుందో ఊహించడం కష్టం కాదు. ఒక వృద్ధురాలి ఊరు కొత్త జిల్లాలోకి వెళ్లింది, కానీ ఆమె పింఛను రికార్డులో పాత జిల్లా సంఖ్యే మిగిలిపోయింది అనుకుందాం. పాత జిల్లా వాళ్లు తమ గ్రామాల జాబితా తీస్తే అందులో ఆమె ఊరు ఉండదు. కొత్త జిల్లా వాళ్లు తమ లబ్ధిదారుల జాబితా తీస్తే అందులో ఆమె పేరు ఉండదు. ఎవరూ ఆమెను తొలగించలేదు. అయినా రెండు జాబితాల మధ్య సందులో ఆమె మాయమైపోయింది.

ఒకదానికొకటి ముడిపడిన రికార్డులను పై నుంచి కిందికి వరుసగా మార్చుకుంటూ పోవడం కంప్యూటర్ శాస్త్రంలో పాత సమస్యే. ఇవాళ ఈ పనిని చాలామంది ప్రోగ్రామర్లు ఆబ్జెక్ట్-రిలేషనల్ మ్యాపర్ అనే సాధనం ద్వారా చేస్తున్నారు. దాన్ని క్లుప్తంగా ఓఆర్ఎం అంటారు. అది పనిని ఎంత తేలిక చేస్తుందో, కొన్ని చిక్కులను అంత చక్కగా కనబడకుండా చేస్తుంది కూడా.

పట్టికలో చెట్టు

1960లలో అపోలో అంతరిక్ష కార్యక్రమం కోసం లక్షలాది విడిభాగాల లెక్క చూడటానికి ఐబీఎం సంస్థ ఐఎంఎస్ అనే డేటాబేస్‌ను తయారు చేసింది. అందులో సమాచారం చెట్టు ఆకారంలో ఉండేది. ఒక్కో భాగం కింద దాని ఉపభాగాలు, వాటి కింద మరికొన్ని. ఏ సమాచారం కావాలన్నా వేరు దగ్గర మొదలుపెట్టి కొమ్మలు పట్టుకొని పోవాలి.

1970లో అదే సంస్థలో పనిచేస్తున్న ఎడ్గర్ కాడ్ వేరే దారి చూపించాడు. సమాచారాన్నంతా మామూలు పట్టికలుగా రాయాలి, రికార్డుల మధ్య సంబంధాలను కూడా ఆ పట్టికల్లోని విలువలతోనే తెలపాలి అన్నాడు. ఇదే రిలేషనల్ డేటాబేస్. ఈ కృషికి ఆయనకు 1981లో ట్యూరింగ్ పురస్కారం వచ్చింది. ఇవాళ బ్యాంకుల నుంచి రైల్వే రిజర్వేషన్ల దాకా ఎక్కువగా వాడుతున్నది ఈ నమూనానే.

మరి పట్టికలో చెట్టును ఎలా రాస్తారు? 'ప్రాంతాలు' అనే పట్టిక ఉందనుకుందాం. ప్రతి వరుసకు ఒక సంఖ్య, పేరు, రకం ఉంటాయి. వీటితోపాటు 'పై ప్రాంతం' అనే గడి ఉంటుంది. మూడు వరుసలు చూద్దాం:

- సంఖ్య 31, రకం: డివిజన్, పై ప్రాంతం: 7
- సంఖ్య 112, రకం: మండలం, పై ప్రాంతం: 31
- సంఖ్య 2045, రకం: గ్రామం, పై ప్రాంతం: 112

గ్రామం 2045 ఏ జిల్లాలో ఉందో తెలియాలంటే 112కు, అక్కడి నుంచి 31కి, అక్కడి నుంచి 7కు ఎక్కాలి. ఏడో వరుసలో జిల్లా ఉంటుంది. తండ్రి పేరు చెప్పగలిగితే తాత పేరు, ముత్తాత పేరు కూడా కనుక్కోవచ్చు. వంశవృక్షం రాసే పద్ధతే ఇది.

ప్రతిసారీ ఇలా మెట్లెక్కడం ఆలస్యమని చాలాచోట్ల ఇంకో గడి కూడా చేరుస్తారు: 'జిల్లా సంఖ్య'. గ్రామం వరుసలోనే 7 అని రాసి ఉంటే ఎక్కనవసరం లేదు. జిల్లాలోని గ్రామాలన్నీ చూపించమంటే ఒక్క అడుగులో జాబితా వస్తుంది. సమస్యకు బీజం పడేది ఇక్కడే. జిల్లా ఏదన్న ఒకే నిజం ఇప్పుడు వేల చోట్ల నకలుగా ఉంది.

మధ్యలో ఒక దుబాసీ

డేటాబేస్‌తో మాట్లాడే భాష ఎస్‌క్యూఎల్. ప్రోగ్రామర్లు రాసేది పైథాన్, జావా, రూబీ వంటి భాషల్లో. ఒకచోట పట్టికలు, వరుసలు. ఇంకోచోట ఆబ్జెక్టులు, అంటే తమ సమాచారాన్నీ తమ పనులనూ తమతోనే ఉంచుకొనే చిన్న చిన్న మూటలు. ఈ రెండు లోకాల మధ్య దుబాసీగా నిలబడేదే ఓఆర్ఎం. జావాకు హైబర్నేట్ 2001లో వచ్చింది. రూబీలో యాక్టివ్ రికార్డ్ 2004లో, పైథాన్‌లో జాంగో 2005లో, ఎస్‌క్యూఎల్ఆల్కెమీ 2006లో వచ్చాయి.

దుబాసీ ఉంటే ప్రోగ్రామర్ 'ఈ మండలం కింది గ్రామాలు' అని తన భాషలో అడిగితే చాలు. దాన్ని ఎస్‌క్యూఎల్‌లోకి మార్చి, డేటాబేస్ దగ్గరకు తీసుకెళ్లి, జవాబు తెచ్చి ఆబ్జెక్టులుగా చేతిలో పెడుతుంది. 'భద్రపరచు' అంటే మార్పును తిరిగి పట్టికలో రాస్తుంది. ఎస్‌క్యూఎల్ ఒక్క ముక్క కూడా రాయకుండానే పని జరిగిపోతుంది.

తనను తాను పిలుచుకొనే పని

డివిజన్ 31 జిల్లా 7 నుంచి జిల్లా 9కి మారిందనుకుందాం. దాని కింద ఉన్న అన్నింటిలోనూ 'జిల్లా సంఖ్య' 9 కావాలి. దీనికి ప్రోగ్రామర్‌కు వెంటనే తట్టే పద్ధతి రికర్షన్. అంటే ఒక పని తన లోపల తననే మళ్లీ పిలుచుకోవడం. మాటల్లో చెప్పుకుంటే 'జిల్లా మార్చు' అనే పని ఇలా ఉంటుంది:

1. ఈ ప్రాంతంలో జిల్లా సంఖ్యను కొత్తది చేయి.
2. భద్రపరచు.
3. దీని కింద ఉన్న ప్రాంతాలను తీసుకురా.
4. వాటిలో ఒక్కోదాని మీద మళ్లీ 'జిల్లా మార్చు' పనిని చేయి.

డివిజన్‌తో మొదలైతే అది మండలాలను పిలుస్తుంది. మండలం గ్రామాలను, గ్రామం కుటుంబాలను పిలుస్తాయి. కింద ఏమీ లేని చోట పిలవడానికి ఎవరూ ఉండరు కాబట్టి ఆగుతుంది. చెట్టు ఎంత లోతున్నా ఈ నాలుగు వాక్యాలే చాలు. రికర్షన్‌లోని అందం అదే.

పరీక్ష కోసం పెట్టుకొన్న పది గ్రామాల డేటాబేస్‌లో ఇది రెప్పపాటులో పూర్తవుతుంది. అసలు సమాచారం మీద నడిపినప్పుడే లెక్క తెలిసొస్తుంది.

లెక్క వేసి చూద్దాం

డివిజన్ 31 కింద 8 మండలాలు, వాటిలో మొత్తం 160 గ్రామాలు, గ్రామానికి 500 కుటుంబాలు ఉన్నాయనుకుందాం. కుటుంబాలు 80,000. అన్నీ కలిపితే 1 + 8 + 160 + 80,000 = 80,169 రికార్డులు.

పై పద్ధతిలో ఒక్కో రికార్డు కోసం ప్రోగ్రాం రెండుసార్లు డేటాబేస్ దగ్గరకు వెళ్లి వస్తుంది. మార్పును రాయడానికి ఒకసారి, కింద ఎవరున్నారని అడగడానికి ఒకసారి. అంటే 1,60,338 ప్రయాణాలు. వెళ్లి రావడానికి 2 మిల్లీసెకన్లే పట్టినా మొత్తం 320 సెకన్లు దాటుతుంది. దాదాపు 5 నిమిషాల 20 సెకన్లు. అసలు రాతపనికి పట్టే సమయం దీనికి అదనం.

కిరాణా కొట్టుకు వెళ్లి ఒక్కో సరుకు పేరు చెప్పి, అది ఇంట్లో పెట్టి, మళ్లీ ఇంకో సరుకు కోసం కొట్టుకు పరుగెత్తినట్టుంటుంది ఇది. చీటీ రాసుకొని వెళితే ఒక్కసారిలో పోతుంది. ఒక జాబితా తేవడానికి ఒక క్వెరీ, ఆ జాబితాలోని ఒక్కో అంశానికి మళ్లీ ఒక్కో క్వెరీ చేయడాన్ని ప్రోగ్రామర్లు 'ఎన్ ప్లస్ వన్' సమస్య అంటారు. ఎస్‌క్యూఎల్ చేత్తో రాసే మనిషికి ఇన్ని క్వెరీలు కంటికి కనబడతాయి. దుబాసీ ఉన్నచోట కనబడవు. 'కింది గ్రామాలు' అన్న రెండు మాటల వెనక ఒక ప్రయాణం దాగి ఉందని కోడ్ చదివితే తెలియదు.

మెట్టుకొక్క క్వెరీ

దీనికి మొదటి మందు ఒక్కో రికార్డుగా కాకుండా ఒక్కో మెట్టుగా నడవడం. ముందు డివిజన్ కింది 8 మండలాలనూ ఒకే క్వెరీతో తేవాలి. తర్వాత 'ఈ 8 మండలాల కింది గ్రామాలన్నీ' అని ఒకే క్వెరీ. ఆ తర్వాత 'ఈ 160 గ్రామాల కింది కుటుంబాలన్నీ'. మూడు క్వెరీలకే 80,000 కుటుంబాల సంఖ్యలు చేతికొస్తాయి.

ఒకే క్వెరీలో ఎన్ని సంఖ్యలు ఇవ్వవచ్చన్న దానికి డేటాబేస్‌లలో పరిమితులుంటాయి. అందుకని 5,000 చొప్పున పంచుకొంటే, కుటుంబాల కింద ఇంకేమైనా ఉన్నాయా అని అడగడానికి 16 క్వెరీలు, మొత్తం 80,169 రికార్డులను మార్చడానికి 17 ఆదేశాలు పడతాయి. 3 + 16 + 17 = 36. లక్షా అరవై వేల ప్రయాణాలు ముప్పై ఆరుకు దిగాయి. దాదాపు అన్ని ఓఆర్ఎంలలోనూ ఇలా గుంపుగా మార్చే ఆదేశం ఉంటుంది.

కానీ ఇందులో ఒక మెలిక ఉంది. జాంగోలో ఒక్కో ఆబ్జెక్టును భద్రపరిచినప్పుడు దానికి ముందూ వెనకా జరగాల్సిన పనులు కొన్ని కట్టిపెట్టుకోవచ్చు. ఉదాహరణకు 'ఎవరు, ఎప్పుడు, ఏం మార్చారు' అని చిట్టాలో రాయడం. గుంపుగా మార్చే ఆదేశం నేరుగా డేటాబేస్‌లోకి పోతుంది. ఆబ్జెక్టుల గడప తొక్కదు. కాబట్టి ఆ చిట్టా ఖాళీగా ఉండిపోతుంది. వేగం కోసం పద్ధతి మార్చినవారు ఆ చిట్టా రాసే బాధ్యతను విడిగా తలకెత్తుకోవాలి. అంతేకాదు, అప్పటికే ప్రోగ్రాం చేతిలో ఉన్న ఆబ్జెక్టుల్లో పాత విలువలే ఉంటాయి. వాటిని మళ్లీ తెచ్చుకోవాలి.

ఒకే ప్రశ్నలో చెట్టంతా

అసలు 'డివిజన్ 31 కింద ఉన్న సమస్తం' అని డేటాబేస్‌నే ఒక్కమాటలో అడగలేమా? కాడ్ రూపొందించిన మూల బీజగణితంలో అడగలేం. ఒక మెట్టు దిగడానికి పట్టికను దానితోనే ఒకసారి జతచేయాలి. రెండు మెట్లకు రెండుసార్లు. ఎన్ని మెట్లున్నాయో ముందే తెలియకపోతే ఎన్నిసార్లు జతచేయాలో రాయలేం. ఎంత తెలివిగా రాసినా ఆ బీజగణితంతో ఇది సాధ్యం కాదని ఆల్‌ఫ్రెడ్ ఆహో, జెఫ్రీ ఉల్మన్ 1979లో గణితపరంగా నిరూపించారు.

ఎస్‌క్యూఎల్ ప్రమాణంలో ఈ లోటు తీరడానికి మరో 20 ఏళ్లు పట్టింది. 1999 ప్రమాణంలో 'విత్ రికర్సివ్' అనే నిర్మాణం చేరింది. పోస్ట్‌గ్రెస్‌లోకి ఇది 2009లో, ఎస్‌క్యూలైట్‌లోకి 2014లో, మైఎస్‌క్యూఎల్‌లోకి 2018లో వచ్చింది. దాని తీరు సరళం. మొదట ఒక సంచిలో డివిజన్ 31ని వేయి. సంచిలో కొత్తగా పడ్డవాటి పిల్లలను వెతికి సంచిలో వేయి. కొత్తగా ఏమీ పడనంత వరకు ఇలాగే చేయి. సంచి నిండాక అందులో ఉన్నవాటికి జిల్లా సంఖ్య మార్చు. ఈ మొత్తం ఒకే ఆదేశంగా వెళుతుంది. చెట్టు దిగడమంతా డేటాబేస్ లోపలే జరుగుతుంది. ఎస్‌క్యూఎల్ఆల్కెమీ వంటి ఓఆర్ఎంలలో దీన్ని నేరుగా రాయవచ్చు. అలాంటి ఏర్పాటు లేనిచోట ప్రోగ్రామర్లు దుబాసీని పక్కకు తప్పించి ఆ ఒక్క ఆదేశాన్ని ఎస్‌క్యూఎల్‌లోనే రాస్తారు.

మూడు గండాలు

వేగం సంగతి తేలినా పని సరిగ్గా జరిగినట్టు కాదు. ఇందులో మూడు గండాలున్నాయి.

మొదటిది సుడి. ఎవరో పొరపాటున మండలం 112కు పై ప్రాంతంగా దాని కిందే ఉన్న గ్రామం 2045ను రాశారనుకుందాం. ఇప్పుడు 112 కింద 2045, 2045 కింద 112. రికర్షన్ ఆగే చోటే లేదు. పైథాన్‌లో మామూలుగా 1,000 లోతు దగ్గర ప్రోగ్రాం చేతులెత్తేస్తుంది. మైఎస్‌క్యూఎల్ కూడా 1,000 చుట్ల దగ్గర ఆపేస్తుంది. ఈ పరిమితులు ప్రాణరక్షణకే తప్ప పరిష్కారం కాదు. ఇప్పటిదాకా చూసిన సంఖ్యలను గుర్తుపెట్టుకొని, ఒకసారి చూసినదాని జోలికి మళ్లీ పోకుండా ఉండటమే సరైన దారి. 2021లో వచ్చిన పోస్ట్‌గ్రెస్ 14లో ఇలాంటి సుడులను పసిగట్టడానికి ప్రత్యేక ఏర్పాటు ఉంది. అసలు సుడి ఏర్పడే రాతను ముందే తిరస్కరిస్తే ఇంకా మేలు.

రెండోది సగంలో ఆగడం. 40,000 కుటుంబాలు మారాక కరెంటు పోయిందనుకుందాం. సగం ఊళ్లు కొత్త జిల్లాలో, సగం పాతదాంట్లో. ఎక్కడ ఆగిందో ఎవరికీ తెలియదు. దీనికి మందు ట్రాన్సాక్షన్. మొదటి రాత నుంచి చివరి రాత దాకా అన్నింటినీ ఒకే మూటగా కట్టి, అంతా జరిగితేనే నిలపాలి, లేకపోతే ఏదీ జరగనట్టు వెనక్కి తిప్పాలి. ఈ భావనకు గట్టి పునాది వేసిన జిమ్ గ్రేకు 1998లో ట్యూరింగ్ పురస్కారం లభించింది. ఓఆర్ఎంలలో ఈ మూట కట్టడం ఒకటి రెండు వాక్యాల పని. అయితే అది వాటంతట అవి చేసేది కాదు. ప్రోగ్రామర్ చెప్పాలి.

మూడోది అన్నింటికన్నా మెత్తగా దెబ్బతీసేది. జిల్లా మార్చే ప్రోగ్రాం ఉదయం 10 గంటలకు ఒక కుటుంబం రికార్డును చేతిలోకి తీసుకుంది. మరుసటి సెకనులో మండల కార్యాలయంలో ఎవరో అదే రికార్డులో బ్యాంకు ఖాతా సంఖ్యను సరిదిద్దారు. ఇంకో సెకను తర్వాత ప్రోగ్రాం జిల్లా సంఖ్యను మార్చి భద్రపరిచింది. జాంగోలో ప్రత్యేకంగా చెప్పకపోతే భద్రపరచడం అంటే ఆ రికార్డులోని గడులన్నీ తిరిగి రాయడమే. అంటే కొత్త ఖాతా సంఖ్య మీద పాత ఖాతా సంఖ్య వచ్చి కూర్చుంది. ఎక్కడా ఎర్ర గీత పడదు. తప్పు జరిగిందన్న సూచనే ఉండదు. వచ్చే నెల పింఛను పాత ఖాతాలోకి పోయాకే తెలుస్తుంది.

పోస్ట్‌గ్రెస్‌లో మామూలు అమరికతో ఉన్న ట్రాన్సాక్షన్ దీన్ని ఆపలేదు. మార్చిన గడిని మాత్రమే రాయమని ఓఆర్ఎంకు స్పష్టంగా చెప్పాలి. లేదా రికార్డు చేతిలో ఉన్నంతసేపు ఇంకెవరూ ముట్టుకోకుండా తాళం వేయాలి. మూడో దారి ప్రతి రికార్డుకూ కూర్పు సంఖ్య పెట్టడం. తీసుకున్నప్పుడు 5గా ఉన్న సంఖ్య రాసే వేళకు 6 అయి ఉంటే, మధ్యలో ఎవరో మార్చారని అర్థం. అప్పుడు రాయకుండా మళ్లీ చదువుకోవాలి. హైబర్నేట్, ఎస్‌క్యూఎల్ఆల్కెమీ రెండింటిలోనూ ఈ ఏర్పాటు ఉంది.

ఇంత చేశాక కూడా ఒక సరిచూపు తప్పనిసరి. ప్రోగ్రాం నడుస్తున్న సమయంలోనే ఎవరో ఒక కొత్త కుటుంబాన్ని పాత జిల్లా సంఖ్యతో చేర్చి ఉండవచ్చు. 'తన జిల్లా సంఖ్య, తన పై ప్రాంతం జిల్లా సంఖ్య వేరువేరుగా ఉన్న రికార్డులు ఎన్ని?' అని చివర ఒక క్వెరీ అడగాలి. జవాబు సున్నా కావాలి.

అసలు మార్చాల్సింది ఎంత?

ఇప్పటిదాకా చూసిందంతా 80,169 రికార్డులను ఎలా మార్చాలన్న దాని గురించి. కొంచెం వెనక్కి వెళ్లి ఇంకో ప్రశ్న వేయవచ్చు. అన్ని మార్చాల్సిన అవసరం ఎందుకొచ్చింది?

'జిల్లా సంఖ్య' అనే నకలు గడి వల్ల. ఆ గడి లేకపోతే, ప్రతి రికార్డు తన పై ప్రాంతాన్ని మాత్రమే చెబితే, డివిజన్ 31 వరుసలో పై ప్రాంతాన్ని 7 నుంచి 9 చేస్తే సరిపోతుంది. ఒకే ఒక్క రికార్డు. గ్రామాలు, కుటుంబాలు కదలవు. అవి తమ మండలం కిందే ఉన్నాయి. మండలం తన డివిజన్ కిందే ఉంది. ఒక నిజాన్ని ఒక్కచోటే రాయాలన్న ఈ సూత్రాన్ని నార్మలైజేషన్ అంటారు. దానికి బాట వేసినవాడు కూడా కాడే.

దీనికి చెల్లించే మూల్యం చదివేటప్పుడు మెట్లెక్కడం. జిల్లాలు ఏళ్లకొకసారి మారతాయి. జాబితాలు రోజుకు వేలసార్లు తీస్తారు. కాబట్టి నకలు గడి పెట్టుకోవడం ఒక్కోసారి సరైన నిర్ణయమే. కానీ అది తెలిసి తీసుకున్న నిర్ణయం కావాలి. నకలు ఎక్కడెక్కడ ఉందో, దాన్ని మార్చే పని ఎవరిదో రాసి ఉండాలి.

గుర్తింపు విషయంలోనూ ఇదే సూత్రం. కొందరు సంఖ్యకు బదులు పేరునే గుర్తింపుగా వాడతారు. ప్రతి గ్రామం వరుసలో 'వరంగల్ రూరల్' అని రాసి ఉంటుంది. పేరు మారితే ప్రతి వరుసా మారాలి. దీనికోసం డేటాబేస్‌లలో 'ఆన్ అప్‌డేట్ క్యాస్కేడ్' అనే ఏర్పాటు ఉంది. కాకతీయుల నాటి గొలుసుకట్టు చెరువుల్లో పై చెరువు నిండితే అలుగు పారి కింది చెరువులోకి నీరు చేరినట్టు, పై పట్టికలో గుర్తింపు మారితే కింది పట్టికల్లోకి ఆ మార్పు దానంతటదే పారుతుంది.

అయినా వరంగల్ విషయంలో పేరును నమ్ముకుంటే చిక్కే. 2015 నాటి ఒక రికార్డులో 'వరంగల్' అని ఉంటే అది నేటి జనగామ, మహబూబాబాద్ ప్రాంతాలు కూడా కలిసి ఉన్న పెద్ద జిల్లా. 2022 నాటి రికార్డులో అదే మాట ఉంటే అది ఒకప్పటి వరంగల్ రూరల్ నుంచి వచ్చిన జిల్లా. పేరు ఒకటే, ప్రాంతాలు రెండు. అదే ఒక్కో జిల్లాకు అర్థం లేని ఒక సంఖ్య ఉంటే, పేరు మార్పు ఒక వరుసలో ఒక గడి మార్పుతో ముగిసిపోతుంది. దేశంలోని జిల్లాలు, ఉపజిల్లాలు, గ్రామాలకు విడివిడి సంకేత సంఖ్యలిచ్చి, కేంద్ర పంచాయతీరాజ్ మంత్రిత్వ శాఖ నిర్వహిస్తున్న లోకల్ గవర్నమెంట్ డైరెక్టరీ వెనక ఉన్న ఆలోచన ఇదే. వేర్వేరు శాఖల డేటాబేస్‌లు పేర్లతో కాకుండా ఆ సంఖ్యలతో మాట్లాడుకుంటే, ఒకరు 'హన్మకొండ' అనీ ఇంకొకరు 'హనుమకొండ' అనీ రాసినా పేచీ రాదు.

పాతది పాతగానే ఉండాల్సిన చోట్లు

కింది రికార్డులన్నీ మార్చేయడమే ఎప్పుడూ సరైనదనుకోవడం కూడా పొరపాటే. 2024 మార్చిలో తెలంగాణ వాహనాల రిజిస్ట్రేషన్ సంకేతం టీఎస్ నుంచి టీజీకి మారింది. కొత్త వాహనాలకు టీజీ వచ్చింది. అప్పటికే రోడ్డెక్కిన వాహనాల పలకలు టీఎస్‌తోనే కొనసాగాయి. ఆ సంఖ్య బీమా పత్రాల్లో, రుణ ఒప్పందాల్లో, చలాన్లలో ఉంది. దాన్ని వెనక్కి వెళ్లి మార్చితే ఆ పత్రాలన్నీ లేని బండి గురించి మాట్లాడినట్టవుతుంది.

2015లో రిజిస్టరైన ఒక దస్తావేజు కూడా అంతే. ఆ రోజున ఆ ఊరు ఏ జిల్లాలో ఉందో అదే అందులో ఉండాలి. అది ఆ రోజు నిజం. అందుకే జాగ్రత్తగా కట్టిన డేటాబేస్‌లలో సంబంధాలకు కాలాన్ని కూడా జోడిస్తారు. 'మండలం 112, ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ దాకా జిల్లా 7 కింద. ఆ మరునాటి నుంచి జిల్లా 9 కింద.' పాత వరుసను చెరపరు. దానికి ముగింపు తేదీ రాసి కొత్త వరుస చేరుస్తారు. ఇలా కాలంతో కూడిన పట్టికలకు ఎస్‌క్యూఎల్ 2011 ప్రమాణంలో చోటు దొరికింది.

కాబట్టి ముడిపడిన రికార్డులను మార్చే ముందు ప్రోగ్రామర్ తనను తాను అడగాల్సిన ప్రశ్నలు కొన్ని ఉన్నాయి. మారాల్సింది నిజమా, దాని నకలా? నకలైతే అది ఉండాల్సిందేనా? ఏ రికార్డులు ఇవాళ్టి సంగతి చెబుతున్నాయి, ఏవి ఆనాటి సంగతి చెబుతున్నాయి? చెట్టు దిగక తప్పకపోతే ఎన్ని ప్రయాణాలవుతాయి, సగంలో ఆగితే ఏమవుతుంది, అదే సమయంలో ఇంకొకరు రాస్తుంటే ఏమవుతుంది? ఈ ప్రశ్నలు దుబాసీ అడగదు. చెప్పిన మాటను తర్జుమా చేయడమే దాని పని.

ఈ సంగతిని స్వయంగా చూడాలనుకునేవారు ఒక కాగితం మీద తమ కుటుంబ వృక్షం గీయవచ్చు. ప్రతి మనిషి కిందా తండ్రి లేదా తల్లి పేరు మాత్రమే రాసి, మూలపురుషుడి ఊరి పేరును ఒక్కచోటే రాయాలి. పక్కనే ఇంకో వృక్షంలో ఆ ఊరి పేరును ప్రతి మనిషి పక్కనా రాయాలి. తర్వాత మూలపురుషుడి ఊరు వేరొకటని తేలిందనుకొని రెండు వృక్షాలనూ దిద్దాలి. రెండోదాంట్లో ఎన్ని కొట్టివేతలు పడ్డాయో, ఎవరి పక్కన దిద్దడం మరచిపోయారో లెక్కపెడితే చాలు.

మొదట అనుకున్న వృద్ధురాలి సంగతికొస్తే, ఆమె రికార్డులో జిల్లా గడే లేకపోయి, ఊరి సంఖ్య మాత్రమే ఉండి ఉంటే, జిల్లా మారిన రోజున ఆమె రికార్డును ఎవరూ ముట్టుకోవాల్సిన పని ఉండేది కాదు. ఆమె ఊరితోపాటే కొత్త జిల్లా జాబితాలోకి చేరిపోయేది.